మేకు పాతని బాట

నీలమ్మపేట,
మే 14.

ఒరే రాజూ,

అమ్మవారి పండగ అయిపోయింది. రానన్నవాడివి రాలేదు, సరే, ఎలా జరిగిందని ఒక్క ముక్కయినా అడగలేదు. ఫోన్ చేస్తే రెండుసార్లు "ఆఁ? ఆఁ?" అని ధనలక్ష్మి చేతికిచ్చేస్తావు. ఆవిడ "బాగున్నాం వదినా" అని పెట్టేస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కంటే పోస్టు కవరే నయమని రాస్తున్నాను. చదువు. కళ్ళు బాగానే ఉన్నాయి కదా.

ఈ ఏడూ ఘటం కూర్మమ్మే ఎత్తింది. అరవై దాటినా మెడ చెదరలేదు. మన కొట్టు ముందు ఆగితే పసుపు నీళ్ళు కాళ్ళ మీద పోసి పేర్లు చెప్పాను. ఊళ్ళో లేనివాళ్ళ పేరు ముందు చెప్పాలని అమ్మ అనేది కదా. అందుకని ముందు నీ పేరు, తర్వాత ధనలక్ష్మి పేరు, ఆఖరున నాది. మీ బావ పోయాక నాకు చెప్పుకోడానికి ఇంకెవరున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మన పేటని శ్రీకాకుళం టౌన్లో కలిపేశారని తెలుసుగా. నిన్న వార్డు సభ పెట్టి గోడ మీద రంగుల పటం చూపించారు. ఇరవై ఏళ్ళకి మన పేట ఎలా ఉంటుందో అందులో ఉందట. బీచి రోడ్డు, హోటళ్ళు, కార్లు పెట్టుకునే చోటు, అన్నీ ఉన్నాయి. గంగరాజు లేచి, "మా పడవలేవి బాబూ? మావెక్కడున్నాం ఇందల?" అని అడిగాడు. ఆ ఇంజనీరు కర్రతో ఒక పచ్చ ముక్క చూపించి, "ఇదిగో, ఇక్కడ. విహార స్థలం" అన్నాడు. జనం నవ్వాలో ఏడవాలో తెలీక కూర్చున్నారు.

అందరూ వద్దనలేదు సుమా. చంద్రశేఖరం మాస్టారు, అదే అరసవల్లి నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారే, ఆయన రోడ్డు రావాల్సిందే అన్నారు. "మా ఆవిడ ఆటోలోనే పోయింది, ఆ గోతుల్లో. రోడ్డుంటే పది నిమిషాల్లో ఆస్పత్రికి చేరేవాళ్ళం" అని కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆయన్ని ఏమంటాం.

కానీ ఆ రోడ్డు సముద్రానికి ఎక్కడి నుంచి దిగుతుందో చెప్పరు. పటంలో పసుపుపచ్చ గీత వేలంత లావుంది. అది పేటలో సగం కప్పేసింది. పొద్దున్న ఇద్దరు కుర్రాళ్ళు మూడుకాళ్ళ మిషను పట్టుకుని అమ్మవారి బాట మీద తిరుగుతూ "ఇది ఎవరిదండీ?" అని అడిగారు.

ఆ బాట నీకు కొత్తగా చెప్పాలా? గుడి నుంచి సముద్రం దాకా అరవై అడుగుల వెడల్పు. ఏడాదికోరోజు ఘటం నడిచే దారి, మిగతా రోజులు అరవై మంది ఆడవాళ్ళు తాటాకు చాపలు పరిచి నెత్తళ్ళు, కవ్వళ్ళు, ఏ చేపలు పడితే అవి ఎండబెట్టుకునే చోటు. సాయంత్రం చాపలు చుట్టేస్తే ఉత్త ఇసకే. మేకని కట్టడానికి కూడా అందులో మేకు పాతరు. నువ్వు గాలిపటం కోసం పుల్ల పాతితే నాన్న బాట పొడుగునా తరిమి కొట్టాడు, గుర్తుందా?

అభ్యంతరాలకి నెల రోజులు గడువిచ్చారు. పేటలో దస్తూరీ బాగున్నది నాకేనని అర్జీ నన్ను రాయమన్నారు. నలభై ఏళ్ళు సర్వేలో పటాలు గీసినవాడివి, ఏం రాస్తే వాళ్ళు వింటారో చెప్పు.

మీ అప్ప,
కన్యాకుమారి

—

విజయనగరం,
మే 22.

అప్పకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. నడుం నొప్పి వల్ల పండక్కి రాలేకపోయాను.

అర్జీ గురించి. ఆఫీసులో ఎవరూ గోడు వినరు. కాగితం మీద ఏముందో అదే చూస్తారు. దేవత, ఆచారం అని పేజీలు నింపితే చదవరు. ముఖ్యంగా వాళ్ళకుండే అనుమానం, బాటని పేటవాళ్ళు ఆక్రమించుకున్నారని. ఆ అనుమానం ముందు పోగొట్టాలి. అందుకని ఇలా రాయి: "ఈ స్థలం ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఎవరి అనుభవంలోనూ లేదు, ఇందులో ఏ కట్టడమూ, కంచె, గుంజ ఏనాడూ లేవు." అందరి చేతా సంతకాలు పెట్టించు. వేలిముద్రలైనా పర్వాలేదు. అందినట్టు స్టాంపు వేయించుకో.

ఒక కాపీ నాకు పంపు. ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారు, నా వంతు నేను చూస్తాను. నేను చెప్పి రాయించానని మాత్రం ఎవరితోనూ అనకు. రిటైరైనవాడు తగుదునమ్మా అని వేలు పెట్టాడంటారు.

కొట్టు ఎలా నడుస్తోంది? ఆ కొట్టే నీకు ఆధారం. ఒంటరిగా బరువులు ఎత్తకు.

నీ తమ్ముడు,
బంగారురాజు

—

నీలమ్మపేట,
జూన్ 9.

ఒరే రాజూ,

నువ్వు చెప్పినట్టే పొల్లు పోకుండా రాశాను. కొట్టు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. అందరూ బాగుందన్నారు, కూర్మమ్మ తప్ప. పిడికెడు ఉప్పు నెత్తళ్ళ మీద జల్లుతూ, చెయ్యి ఆపకుండానే అడిగింది.

"ఎవులిదీ కాదని రాసినావేటమ్మా? అమ్మది అని రాయొచ్చు కదా?"

"ఆఫీసులో అమ్మవారంటే వినరే" అన్నాను.

"ఇనకపోతే ఇనకపోనీ. ఉన్నదున్నట్టు సెప్పాల. ఎవులిదీ కాదంటే ఎవులైనా అట్టుకెళిపోతారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. సర్వేలో చేసినవాడు చెప్పాడని అనబోయి, నీ మాట గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. "చదువుకున్నది నేనా నువ్వా?" అని కసిరాను. పాపం, ఉప్పు చెయ్యి చీరకి తుడుచుకుని అందరికంటే ముందు వేలిముద్ర వేసింది. మొత్తం నూట నలభై రెండు. మాస్టారు కూడా సంతకం పెట్టారు. రోడ్డు కావాలి గానీ అమ్మవారి బాట మీద వద్దన్నారు. స్టాంపు వేయించుకున్నాం. నీ కాపీ ఇందులోనే ఉంది.

ఈసారి నరసన్నపేట బియ్యం బాగా వచ్చాయి. ఆమదాలవలసలో రైలు దిగితే నేనే ఆటో పంపిస్తాను, ఒకసారి రారా.

అప్ప

—

విజయనగరం,
జూన్ 20.

అప్పకి,

కాపీ అందింది. చాలా బాగా రాశావు. నీ అక్షరం ఇప్పటికీ అచ్చు గుద్దినట్టే ఉంది. ఇక దిగులు పెట్టుకోకు.

రాజు

—

నీలమ్మపేట,
సెప్టెంబరు 25.

రాజూ,

రోడ్డు బాట మీదే వేశారు.

కొత్త పటం మొన్న వార్డు ఆఫీసు గోడకి అంటించారు. ఈసారి గీత సన్నంగా, శుభ్రంగా ఉంది. గుడి వెనక మొదలై తిన్నగా సముద్రంలోకి దిగింది. కింద కారణం కూడా రాశారు. ఏం రాశారో తెలుసా? "స్థానికులే దాఖలు చేసిన అర్జీ ప్రకారం ఈ స్థలం ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఎవరి అనుభవంలోనూ లేదు, ఇందులో ఏ కట్టడమూ, కంచె, గుంజ ఏనాడూ లేవు." నా మాటలే. నా దస్తూరీయే అచ్చులోకి ఎక్కింది. మాస్టారే అందరికీ పైకి చదివి వినిపించారు.

తరతరాలుగా మేకు పాతకుండా కాపాడుకున్నారు కదా, అందుకే వాళ్ళకి సులువైపోయింది. ఒక్కొక్కరూ ఒక్కో గుంజ పాతుకుని ఉంటే ఇవాళ అరవై అభ్యంతరాలు ఉండేవి.

గంగరాజు మా కొట్టు ముందు నిలబడి ఊరందరికీ వినబడేలా అన్నాడు: "సదువుకున్నోల్ని నమ్ముకుంటే ఇలగే ఉంటాది! ఆయమ్మ కొట్టు మాత్రం రోడ్డు మూలకి వచ్చీసింది, సూసినారా? ఎంత రేటు పలుకుతాదో!" నేను లోపలికెళ్ళి పప్పు డబ్బాల వెనక కూర్చుని ఏడ్చాను.

అప్పటినుంచి సరుకులకి ఎవరూ రావడం లేదు. ఉప్పు కూడా టౌన్ నుంచి తెచ్చుకుంటున్నారు. కూర్మమ్మ రోజూ నా ముందు నుంచే వెళ్తుంది. తిట్టదు. తిడితే బాగుండును.

నేనేం తప్పు రాశానురా? నువ్వు చెప్పిందే కదా రాశాను?

కన్యాకుమారి

—

విజయనగరం,
అక్టోబరు 8.

అప్పకి,

చదివి చాలా బాధపడ్డాను. నీ తప్పేమీ లేదు. ఆఫీసులవాళ్ళు ఏ మాటని ఎటు తిప్పుతారో ఎవరు చెప్పగలరు? గంగరాజులాంటి వాళ్ళ మాటలు పట్టించుకోకు. నాలుగు నెలలు పోతే వాళ్ళే వస్తారు.

ఒక్క విషయం ఆలోచించు. ఈ రోడ్డు వల్ల ఒక్క ఇల్లు కూలలేదు. పైగా నీ కొట్టు దక్కింది. మొదటి గీతే ఉండిపోయి ఉంటే నీ గతి ఏమిటి? దేవుడు చల్లగా చూశాడనుకో.

ధనలక్ష్మి అడిగినట్టు చెప్పమంది.

రాజు

—

నీలమ్మపేట,
నవంబరు 3.

బంగారురాజుకి,

మొదటి గీత నా కొట్టు మీంచి వెళ్ళిందని నీకెవరు చెప్పారు?

నాకే తెలీదు. పేటలో ఎవరికీ తెలీదు. వేలంత లావు గీత తప్ప మేమేమీ చూడలేదు. నీ ఉత్తరం పదిసార్లు చదివాను. పదకొండోసారి మాస్టార్ని తోడు తీసుకుని ఆఫీసుకెళ్ళాను. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి, రెండు రోజులు బెంచీ మీద కూర్చుంటే ఫైలు చూపించారు.

మాకు చూపించని మొదటి పటం అందులో ఉంది. దాంట్లో ఎర్ర గీత నా కొట్టు నడిమధ్య నుంచి, వెనక సరుగుడు తోటలోంచి సముద్రానికి దిగింది. పోయేది నా కొట్టు ఒక్కటే. రెండో పటం చేత్తో గీసింది. ఎర్ర గీత బాట మీదికి జరిగింది. పక్కన నా అర్జీ కాపీ, స్టాంపు లేనిది, నేను నీకు పంపినదే, గుచ్చి ఉంది. పటం మూలన ఉత్తరం దిక్కు చూపించే బాణం. దాని తోక చేప తోక.

మా కొట్టు బోర్డు మీద అదే చేప తోక వేశావు, మీ బావ ఎంత మురిసిపోయాడో. నీ టెన్తు పుస్తకాల మీద అదే వేసేవాడివి. ఈ భూమ్మీద బాణానికి చేప తోక పెట్టేవాడు ఒక్కడే ఉన్నాడు.

మాస్టారు "ఏమమ్మా, అలా చూస్తున్నావు?" అన్నారు. కళ్ళద్దాలు మసకగా ఉన్నాయని చెప్పాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను, సంతోషమా?

జవాబు రాయి. నడుం నొప్పి అని మాత్రం రాయకు.

—

విజయనగరం,
నవంబరు 15.

అప్పా,

అవును, నేనే.

రిటైరయ్యాక ఆ పటాలు తయారుచేసే కన్సల్టెన్సీలో కుదిరాను. పాత గ్రామ పటాలు చదవగలిగేవాళ్ళు వాళ్ళ దగ్గర లేరు. నీలమ్మపేట పటం నా బల్ల మీదికొచ్చిన రోజు ఎర్ర గీత ఎక్కడుందో చూశాను. నీ అటక నిచ్చెన, నువ్వు బెల్లం తూచే బల్ల, బావ పోయిన గది, అన్నీ ఆ గీత కిందే ఉన్నాయి.

గీత మార్చాలంటే పక్కన ఎవరిదీ కాని జాగా ఉందని కాగితం కావాలి. ఆ కాగితం నీచేత రాయించాను. చెబితే రాసేదానివి కాదు. నాకు తెలుసు నీ సంగతి.

నన్ను తిట్టు, పడతాను. కానీ ఒక్కటి చెప్పు. రోడ్డు ఎలాగూ ఆగదు, ఎవరో ఒకరిది పోవాలి. అరవై మంది తలా కొంచెం పోగొట్టుకోవడమా, నా అప్ప ఒక్కతీ అంతా పోగొట్టుకోవడమా? నీకు పిల్లల్లేరు, మొగుడు లేడు. ఆ కొట్టు పోతే మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటావా? నువ్వు రావు. ఒక తమ్ముడిగా ఇంకేం చెయ్యమంటావు?

నా ఉత్తరాలు కాల్చెయ్యి. బయటపడితే నా పింఛను మీదికి వస్తుంది.

రాజు

—

నీలమ్మపేట,
జనవరి 6.

బంగారురాజుకి,

కాల్చలేదు. కొట్టు అరుగు మీద, అర్జీ చదివిన చోటే కూర్చుని, నీ ఉత్తరాలు అందరికీ చదివి వినిపించాను. మే నెలది కూడా.

గంగరాజు చిందులు తొక్కాడు. నిన్ను నరుకుతానన్నాడు. మాస్టారు తల దించుకున్నారు. చివరిదాకా విని కూర్మమ్మ అంది:

"నీ తమ్ముడు నీ కోసం సేసినాడు. అందల తప్పేటున్నాది? మా కోసం సేసీవోడు ఆ ఆఫీసుల ఒకడూ లేడు. అంతే తేడా."

ఆ మాట విన్నాక ఇంక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు నన్ను కాపాడావా? నువ్వు కాపాడింది నాలుగు గోడల్ని. అవతల పేటంతా బతుకుతుంటే ఆ గోడల మధ్య పప్పులు తూచాను. ఇప్పుడు తూచడానికి త్రాసు ఉంది, కొనడానికి మనిషి లేడు. నా మీద జాలిపడే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది. అరవై మంది తలా కొంచెం అన్నావు. కూర్మమ్మకి అది కొంచెం కాదురా, ఆవిడకి ఉన్నదంతా ఆ నాలుగు చాపల జాగాయే.

నిన్న కొత్త అర్జీ పెట్టాను. ఎవరినీ అడక్కుండా, నా తెలివితో నేనే రాసుకున్నాను. రోడ్డుని మొదటి గీత మీదికే మార్చమన్నాను. నా కొట్టు, స్థలం నా అంతట నేనే ఇస్తున్నాను, బాటని వదిలెయ్యండి అని రాశాను. బాట అమ్మవారిది అని కూడా రాశాను, ఈసారి.

—

విజయనగరం,
జనవరి 11.

అప్పా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ అర్జీ వెనక్కి తీసుకో. ఇవాళే వెళ్ళు. బాటని వదలమన్న మాట వాళ్ళు చదవరు. "నా అంతట నేనే ఇస్తున్నాను" అన్న మాటే చదువుతారు. రెండూ తీసుకుంటారు. ఈ ఆఫీసుల్లో నలభై ఏళ్ళు చేశాను, నాకు తెలుసు. రోడ్డు వెడల్పు చెయ్యాలని వాళ్ళకి ముందునుంచీ ఉంది, జాగా లేక ఆగారు.

ఈ ఒక్కసారి నా మాట నమ్ము.

రాజు

—

నీలమ్మపేట,
మే 4.

రాజూ,

నీ జనవరి ఉత్తరానికి జవాబివ్వలేదు. చదివి, మళ్ళీ ఏదో ఎత్తు వేశావనుకుని డబ్బాలో పడేశాను. కొట్టు కాపాడాలని ఇంకో అబద్ధం చెప్తున్నావనుకున్నాను. ఆ ఒక్కసారే నువ్వు నిజం చెప్పావు. నేను నమ్మలేదు.

పోయిన వారం ఆఖరి ఉత్తర్వు వచ్చింది. "దరఖాస్తుదారు స్వచ్ఛందంగా ఇవ్వజూపిన స్థలాన్ని కలుపుకుని రహదారిని వంద అడుగులకు విస్తరించడమైనది." కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. బాటా పోయింది, కొట్టూ పోయింది. వర్షాకాలం లోపల ఖాళీ చెయ్యమన్నారు. మాస్టారు వచ్చి, "రోడ్డు కావాలన్న నోరిది" అని నోటి మీద కొట్టుకున్నారు. కాఫీ ఇచ్చి పంపించాను.

ఆడవాళ్ళు మా డాబా మీద చాపలు పరుచుకుంటున్నారు. పదిమందికే సరిపోతోంది. మిగతావాళ్ళు వంతులు వేసుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు. డాబా కూడా ఎన్నాళ్ళులే.

నిన్న పండగ. బాట నిండా సిమెంటు రాళ్ళు పాతేశారు, అడుగడుక్కీ ఒకటి, ఎర్ర రంగు పూసి. మేళగాళ్ళు ముందుకెళ్ళడానికి భయపడ్డారు. "రాళ్ళున్నాయి, ఎలగెళ్తాం?" అని గంగరాజు అడిగాడు. "నడుసుకుంటూ" అంది కూర్మమ్మ. ఘటం నెత్తిన పెట్టుకుని ఆ రాళ్ళ మధ్యనుంచే నడిచింది.

ఈ ఏడు నా గుమ్మం ముందు ఆగదనుకున్నాను. అయినా పొద్దున్నే కడిగి ముగ్గు పెట్టి, చెంబుతో పసుపు నీళ్ళు పట్టుకుని లోపల తలుపు పక్కన నిలబడ్డాను. ఆగకుండా పోతే బయటికొచ్చి నిలబడ్డ సిగ్గు ఎందుకని. మేళం దాటిపోయింది. ఘటం ఆగింది. కూర్మమ్మ తల తిప్పకుండా ముందుకే చూస్తూ, "తల బరువుగున్నాది, బేగి రా" అంది.

వచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోశాను. సిమెంటు దుమ్ము బూడిదలా అంటుకుని ఉంది, మడమలదాకా కడిగాను. మళ్ళీ ఏడాదికి కడగడానికి నాకు గుమ్మం ఉండదు కదా.

పేర్లు చెప్పమంది. ఊళ్ళో లేనివాళ్ళ పేరు ముందు చెప్పాలి. ధనలక్ష్మి పేరు చెప్పాను. నా పేరు చెప్పాను. నీ పేరు నోటిదాకా వచ్చింది. కూర్మమ్మ కాసేపు ఆగింది కూడా.

చెప్పలేదు.

కన్యాకుమారి